లాటిను రాని శస్త్రవైద్యుడు: ఆంబ్రోజ్ పారే

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూస్తే మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ గ్రహణం మొర్రి అంటారు. రెండే మాటల పేరు. అందులో జబ్బు ఏమిటో ఉంది, దానికి కారణం ఏమిటో ఉంది, తప్పు ఎవరిదో కూడా ఉంది. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం వేళ బయటికి వచ్చిందట. లేకపోతే కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగిందట. అందుకని బిడ్డ పెదవి తెగిందట. ఐరోపా వాళ్ళు ఇదే పెదవిని కుందేలు పెదవి అన్నారు. అక్కడ గ్రహణం బదులు కుందేలు. గర్భిణికి కుందేలు ఎదురైతే బిడ్డ పెదవి అలా చీలుతుందని వాళ్ళ నమ్మకం. దేశాలు వేరైనా నింద మాత్రం రెండుచోట్లా తల్లి నెత్తినే పడింది.

పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాలకు కారణాలేమిటని సుమారు నాలుగున్నర శతాబ్దాల కిందట ఒకాయన కూర్చుని జాబితా రాశాడు. ఆ జాబితాలో పదమూడు కారణాలున్నాయి. చాలావరకు తప్పులే. కాని అదే మనిషి చీలిన పెదవిని కుట్టి కలపడం ఎలాగో బొమ్మ వేసి మరీ చూపించాడు. అంగిలికి చిల్లు పడి మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట తెప్పించే సాధనం తయారుచేయించాడు. అంత మంచి చెయ్యి ఉన్నవాడు అంత తప్పు జాబితా ఎందుకు రాశాడు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన చదువులకు కూడా పనికొస్తుందనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను. ఆయన పేరు ఆంబ్రోజ్ పారే.

పెట్టెలు చేసే ఇంటి కుర్రవాడు

ఫ్రాన్సు దేశంలో పడమటి వైపు లావాల్ అనే పట్నం ఉంది. దాని పక్కన ఒక చిన్న పల్లెలో సుమారు 1510లో పారే పుట్టాడు. తండ్రి చెక్కపెట్టెలు చేసేవాడని కొందరు, క్షురకుడని కొందరు రాశారు. ఏదైతేనేం, రెక్కాడితేగాని డొక్కాడని కుటుంబం. కుర్రవాడికి లాటిను, గ్రీకు చెప్పించే తాహతు ఇంట్లో లేదు.

ఆ రోజుల్లో అక్కడి వైద్యం మూడంతస్తుల మేడలాంటిది. పై అంతస్తులో విశ్వవిద్యాలయం పట్టా పొందిన వైద్యులు ఉండేవారు. వాళ్ళు లాటిను గ్రంథాలు చదివి, రోగం పేరు చెప్పి, మందు రాసిచ్చేవారు. కత్తి పట్టడం వాళ్ళకు నామోషీ. మధ్య అంతస్తులో సెయింట్ కోమ్ సంఘానికి చెందిన శస్త్రవైద్యులు. అందరికంటే కింద క్షురకులు. గడ్డం గీసేదీ, కురుపు కోసేదీ, రక్తం తీసేదీ, విరిగిన ఎముకకు కట్టు కట్టేదీ వాళ్ళే. ఈ ఏర్పాటు మనకు తెలియనిదేం కాదు. మన పల్లెల్లోనూ సెగ్గడ్డ కోసి కట్టు కట్టింది నాయీబ్రాహ్మణులే, అర్ధరాత్రి పిలిస్తే వచ్చి పురుడు పోసింది వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళే. పని వాళ్ళది, గౌరవం మరొకరిది.

పారే క్షురకుల దగ్గర శిష్యరికం చేసి, 1530ల తొలి ఏళ్ళలో పారిస్ చేరాడు. అక్కడ ఓటెల్ డ్యూ అనే పెద్ద ధర్మాసుపత్రి ఉంది. దాంట్లో సుమారు మూడేళ్ళు పనిచేశాడు. కిక్కిరిసిన మంచాలు, గదిలో వెలుతురుండదు, చలికి రక్షణ ఉండదు. ఒక చలికాలంలో నలుగురు రోగులకు ముక్కు కొనలు చలికి చచ్చుబడిపోతే వాటిని కోసి తీయాల్సి వచ్చిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. మనిషి ముఖం పాడైతే ఆ మనిషి బతుకు ఏమవుతుందో పారే మొదట చూసింది అక్కడే. పట్టాలేని ఆ కుర్రవాడికి ఆ ఆసుపత్రే విశ్వవిద్యాలయం అయింది.

నూనె అయిపోయిన రాత్రి

1537లో ఫ్రెంచి సైన్యం ఇటలీలోని ట్యూరిన్ మీదికి వెళ్ళింది. పారే సైన్యంతోపాటు శస్త్రవైద్యుడుగా వెళ్ళాడు. అది ఆయన చూసిన మొదటి యుద్ధం. తుపాకులు కొత్తగా వచ్చిన కాలం. తుపాకి గాయంలో మందుగుండు విషం ఉంటుందని, ఆ విషం చావాలంటే మరిగే నూనె గాయంలో పొయ్యాలని అప్పటి గ్రంథాలు చెప్పేవి. పారే కూడా అలాగే పోశాడు. అందరూ చేసేదీ అదే.

ఒక రోజు క్షతగాత్రులు మరీ ఎక్కువయ్యారు. నూనె అయిపోయింది. చేసేదిలేక గుడ్డు పచ్చసొన, గులాబి నూనె, టర్పెంటైను కలిపి మిగిలినవాళ్ళ గాయాలకు రాసి పడుకున్నాడు. పడుకున్నాడేగాని నిద్రెక్కడిది? నూనె పొయ్యనివాళ్ళు విషమెక్కి తెల్లారేసరికి చచ్చిపోతారేమోనని భయం. చీకటితోనే లేచి వెళ్ళి చూశాడు. పచ్చసొన మందు రాసినవాళ్ళు రాత్రంతా సుఖంగా నిద్రపోయారు. వాపు లేదు, పెద్దగా నొప్పి లేదు. మరిగే నూనె పోయించుకున్నవాళ్ళు జ్వరంతో, వాపుతో, మంటతో మూలుగుతున్నారు. ఇకముందు ఎవరినీ ఇంత క్రూరంగా కాల్చకూడదని ఆ ఉదయమే ఆయన నిశ్చయించుకున్నాడు.

ఆ యుద్ధంలోనే ఇంకో సంగతి జరిగింది. వంటశాలలో పనిచేసే కుర్రవాడొకడు కాగే నూనెలో పడ్డాడు. మందు కోసం పారే అంగడికి వెళితే, అక్కడున్న ఒక ముసలమ్మ పచ్చి ఉల్లిపాయ ఉప్పుతో నూరి రాయమంది. రాసి చూశాడు. ఉల్లి తగిలినచోట బొబ్బలు లేవలేదు, తగలనిచోట లేచాయి. సరే, ఇది కాకతాళీయమేమో అనుకున్నాడు. తర్వాత మందుగుండు పేలి ముఖం కాలిన సైనికుడొకడు వచ్చినప్పుడు, ముఖంలో ఒక సగానికి ఉల్లి, మరో సగానికి మామూలు మందు రాసి రెండూ పోల్చి చూశాడు. ఈ రోజు మనం ప్రయోగశాలలో కంట్రోలు అనే పద్ధతిని ఆయన యుద్ధభూమిలో ఒక మనిషి ముఖం మీద చేశాడు. అంతకంటే ముఖ్యమైన విషయం, చదువురాని ముసలమ్మ చెప్పిందని తోసిపుచ్చలేదు, ముసలమ్మ చెప్పిందని గుడ్డిగానూ నమ్మలేదు.

1545లో తుపాకి గాయాల చికిత్స మీద మొదటి పుస్తకం అచ్చువేశాడు. లాటిను రాదు కాబట్టి తన మాతృభాష ఫ్రెంచిలోనే రాశాడు. దాంతో లాటిను రాని క్షురకులు, పల్లెటూరి వైద్యులు, సైన్యంలో తిరిగే శిష్యులు అందరూ దాన్ని చదవగలిగారు.

1552లో దాంవిల్లె ముట్టడిలో మరో పాత ఆచారాన్ని మార్చాడు. అంతవరకూ కాలు తీసేస్తే నెత్తురు ఆగడానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టేవారు. పారే రక్తనాళాలను పట్టుకుని దారంతో ముడివేశాడు. గుండు దెబ్బతో కాలు పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి బతికి, కొయ్యకాలుతో ఇంటికి వెళ్ళాడు. రక్తనాళానికి ముడివేయడం పూర్వులకు తెలియని పని కాదు. కాలు, చెయ్యి తీసేటప్పుడు దాన్ని వాడుకలోకి తెచ్చింది మాత్రం పారే.

అదే ఏడు రెండవ హెన్రీ రాజు ఆయన్ను తన శస్త్రవైద్యులలో ఒకడిగా నియమించాడు. 1554లో సెయింట్ కోమ్ సంఘం ఆయన్ను లోపలికి తీసుకుంది. అప్పటికీ ఆయన లాటిను అంతంతమాత్రమే. రాజుగారి మనిషి కాబట్టి పరీక్షలో చూసీచూడనట్టు పోయారు. ఆ తర్వాత రెండవ ఫ్రాన్సిస్, తొమ్మిదవ చార్లెస్, మూడవ హెన్రీ, మొత్తం నలుగురు రాజుల దగ్గర పనిచేశాడు. రాజవైద్యం అంటే అంతా విజయమే కాదు. 1559లో రెండవ హెన్రీ కంటి దగ్గర బల్లెం ముక్క గుచ్చుకుంది. శరీరశాస్త్ర పితామహుడు వెసాలియస్‌ను బ్రస్సెల్స్ నుంచి రప్పించారు. పారే, వెసాలియస్ ఇద్దరూ ఉండి కూడా రాజును బతికించలేకపోయారు.

చీలిన పెదవి, చిల్లుపడిన అంగిలి

ఇక అసలు విషయానికి వస్తాను. పారే పుస్తకాల్లో చీలిన పెదవికి చికిత్స ఇలా ఉంటుంది. చీలిక రెండు అంచుల్నీ ముందు కత్తితో సన్నగా చెక్కాలి. పాత చర్మం పాత చర్మంతో అతకదు, పచ్చి అంచు పచ్చి అంచుతోనే అతుకుతుంది. తర్వాత రెండు అంచులూ దగ్గరకు తెచ్చి, వాటిగుండా సూది గుచ్చి, సూదిని తీయకుండా అలాగే ఉంచాలి. దాని రెండు కొనలకూ దారం ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. దర్జీలు దారం చుట్టిన సూదిని చొక్కా చేతికి గుచ్చుకున్నట్టు. మత్తుమందు లేదు, సూక్ష్మక్రిములంటే ఏమిటో తెలియదు. అయినా అంచు చెక్కడం, ఒత్తిడి సమంగా పంచడం అనే రెండు సూత్రాలూ సరైనవే. పారే సమకాలికుడు పియర్ ఫ్రాంకో కూడా పుట్టుకతో చీలిన పెదవుల గురించి విపులంగా రాశాడు.

అంగిలి సంగతి వేరు. నోటి లోపల, చీకట్లో, ఊపిరాడే దారిలో కుట్టు వేయడం అప్పుడు ఎవరివల్లా కాలేదు. పారే దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి అంగిలి చిల్లు పుట్టుకతో వచ్చింది కాదు. తుపాకి గుండు తగిలి కొందరికి, సవాయి రోగం ఎముకను తినేసి కొందరికి వచ్చింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. మాట గాలిలో కలిసిపోయి ఎదుటివాడికి అర్థమయ్యేది కాదు. పారే వాళ్ళకు బంగారంతోగాని వెండితోగాని పలుచని రేకు మూత చేయించాడు. మూతమీద చిన్న స్పంజి ముక్క అమర్చి ఉంటుంది. దాన్ని చిల్లులోకి పెడితే తడికి ఉబ్బి పట్టుకుంటుంది, మూత జారదు. ఇంకో రకంలో స్పంజి బదులు తిప్పే మర ఉంటుంది. మూత పెట్టుకోగానే మనిషి మళ్ళీ తెలిసేట్టు మాట్లాడతాడు. ఇప్పటి దంతవైద్యులు అబ్టురేటర్ అని చేసేదానికి మూలం ఇదే.

అంగిలిని కుట్టడానికి ఇంకా రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. 1819లో పారిస్‌లోనే ఫిలిబేర్ రూ అనే శస్త్రవైద్యుడు, మెత్తని అంగిలి చీలి పుట్టిన జాన్ స్టీఫెన్సన్ అనే యువకుడికి మత్తు లేకుండానే శస్త్రచికిత్స చేశాడు. ఆ యువకుడు కెనడా నుంచి వచ్చిన వైద్యవిద్యార్థి. మరుసటి ఏడు ఎడిన్‌బరోలో పట్టా కోసం తన సిద్ధాంతవ్యాసం రాశాడు. విషయం ఏమిటంటే తన అంగిలికి జరిగిన ఆ శస్త్రచికిత్సే. తర్వాత మాంట్రియల్‌లో, ఇప్పటి మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు వైద్యశాఖకు పునాది వేసినవాళ్ళలో ఒకడయ్యాడు. స్పష్టంగా మాట్లాడలేక బాధపడ్డ కుర్రవాడు చివరికి పాఠాలు చెప్పే గురువయ్యాడు.

పదమూడు కారణాలు

1573లో పారే వికృత జననాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అందులోదే మొదట చెప్పిన జాబితా. దేవుడి మహిమ, దేవుడి కోపం, బీజం ఎక్కువ కావడం, తక్కువ కావడం, తల్లి ఊహ, గర్భసంచి ఇరుకు, తల్లి కూర్చునే తీరు, కింద పడటం లేదా దెబ్బ తగలడం, వంశంలో వచ్చే జబ్బులు లేదా మధ్యలో వచ్చిన జబ్బులు, బీజం చెడిపోవడం, బీజాలు కలిసిపోవడం, దొంగ బిచ్చగాళ్ళ మాయలు, చివరికి దయ్యాలు.

తల్లి ఊహకు ఉదాహరణగా ఒక కథ చెప్పాడు. జ్వరంతో ఉన్న స్త్రీని చేతిలో బతికున్న కప్పను పట్టుకోమన్నారట. ఆ కప్ప చేతిలో ఉండగానే ఆమె గర్భం ధరించిందట. కప్ప ముఖంతో బిడ్డ పుట్టిందట. గ్రహణం మొర్రికీ దీనికీ తేడా ఏముంది? పుట్టిన బిడ్డ నిజం, బాధ నిజం. మధ్యలో అతికించిన కారణం ఒక్కటే కల్పన.

ఇక్కడ ఆగి ఆలోచించండి. నూనె విషయంలో గ్రంథాల్ని పక్కనపెట్టి కళ్ళతో చూసినవాడు, ఉల్లిపాయకు సగం ముఖం మీద పరీక్ష పెట్టినవాడు, ఈ పుస్తకంలో మాత్రం ఊరూవాడా తిరిగే కథల్ని యథాతథంగా ఎందుకు ఎత్తి రాశాడు? నాకు తోచిన జవాబు ఇది. గాయం ఆయన కంటి ముందు ఉంది. గర్భం లోపల జరిగేది చూసే సాధనం ఆయనకు లేదు. చూడగలిగినచోట చూశాడు, చూడలేనిచోట విన్నది రాశాడు. దొంగ బిచ్చగాళ్ళ విషయంలో మాత్రం ఆయన రాతలు నమ్మదగ్గవిగా ఉంటాయి, ఎందుకంటే దొంగపుళ్ళు పెట్టుకుని అడుక్కునేవాళ్ళను ఆయనా, శస్త్రవైద్యుడైన ఆయన సోదరుడూ స్వయంగా పట్టుకున్నారు.

అలాగని జాబితాను పూర్తిగా చెత్తబుట్టలో వేయలేం. ఇప్పుడు మనకు తెలిసిన విషయాల వెలుగులో చూద్దాం. గర్భంలో ముఖం ఒక్క ముక్కగా తయారుకాదు. ముక్కు వైపు నుంచి ఒక మడత, రెండు చెంపల వైపు నుంచి రెండు మడతలు పెరుగుతూ వచ్చి మధ్యలో కలుస్తాయి. పై పెదవి ఆరేడు వారాలకు అతుక్కుంటుంది. అంగిలి పలకలు మొదట నాలుకకు రెండు పక్కలా కిందికి వేలాడుతుంటాయి. నాలుక కిందికి దిగితే అవి పైకి లేచి, అడ్డంగా తిరిగి, పన్నెండో వారానికల్లా కలుసుకుంటాయి. కలవవలసిన సమయానికి కలవకపోతే చీలిక మిగిలిపోతుంది. ప్రపంచం మొత్తంమీద సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డ ఇలా పుడుతుంది.

తల్లి ఊహ పనిచేసేది బిడ్డ రూపం ఏర్పడేదాకానేనని, మగబిడ్డకు 35 రోజుల్లోపు, ఆడబిడ్డకు 42 రోజుల్లోపు అని పారే పాత గ్రీకుల లెక్క ఎత్తి రాశాడు. ఊహ సంగతి తప్పు. మగ ఆడ తేడా తప్పు. కాని ముఖం ఏర్పడేది ఆ తొలి వారాల్లోనే అన్నది మాత్రం విచిత్రంగా దగ్గరికొచ్చింది. అంటే ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వచ్చిన గ్రహణం పెదవిని చీల్చడమన్నది జరగని పని. పెదవి అప్పటికి ఏర్పడి ఎన్నో నెలలైంది. చాలామంది తల్లులకు కడుపు నిలిచిన సంగతి రూఢిగా తెలిసేసరికే బిడ్డ పెదవి అతకడమో, అతకకపోవడమో అయిపోతుంది.

వంశంలో వచ్చే జబ్బు అన్న కారణం నిజంగా నిలిచింది. మామూలు చీలికల్లో చాలావాటికి ఒక్కటే కారణం ఉండదు. తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే అనేక జన్యువులు, పరిసరాల ప్రభావం కలిసి పనిచేస్తాయి. అరుదైన కొన్ని రకాల్లో మాత్రం ఒక్క జన్యువే చాలు. వాన్‌డర్‌వుడ్ సిండ్రోమ్‌లో పెదవో అంగిలో చీలడంతోపాటు కింది పెదవి మీద రెండు చిన్న గుంటలు కనిపిస్తాయి. దానికి ఐఆర్ఎఫ్6 అనే జన్యువులో మార్పు కారణమని 2002లో తేలింది. ఆ మార్పు ఉన్నవాళ్ళకు పుట్టే ఒక్కో బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. అది తండ్రి నుంచైనా రావచ్చు. ఒక్కోసారి తండ్రికి కింది పెదవి మీద గుంటలు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ గుంటలు ఎవరూ పట్టించుకోరు, నింద తల్లికి పడుతుంది.

మధ్యలో వచ్చిన జబ్బు అన్నదీ కొంత నిజమే. తల్లికి గర్భానికి ముందునుంచే చక్కెరవ్యాధి ఉండడం, తొలి వారాల్లో పొగ తాగడం, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ వంటి మందులు చీలికల అవకాశాన్ని పెంచుతాయి. అలాగని మూర్ఛమందు ఎవరంతటవాళ్ళు మానేయకూడదు, గర్భానికి ముందే డాక్టర్ను అడగాలి.

గర్భసంచి ఇరుకు అన్న కారణానికి కూడా ఒక నీడ మిగిలింది. 1923లో పియర్ రాబిన్ అనే ఫ్రెంచి దంతవైద్యుడు కింది దవడ చిన్నదై, నాలుక వెనక్కి పడి, ఊపిరాడక బాధపడే పసిబిడ్డల గురించి రాశాడు. దవడ చిన్నదైతే నాలుక కిందికి దిగదు. నాలుక దిగకపోతే అంగిలి పలకలు కలవలేవు. అక్కడ చీలిక వెడల్పుగా, గుర్రపునాడాలా ఉంటుంది. ఇలాంటి బిడ్డల్లో కొందరికి గర్భంలో దవడ అదిమిపెట్టినట్టు ఉండటం కారణమని, కొందరికి జన్యువులు కారణమని అంటారు. మరో అరుదైన సందర్భంలో ఉమ్మనీటి సంచి లోపలి పొర చిరిగి, దాని పోగులు బిడ్డ ముఖానికి చుట్టుకుంటాయి. అప్పుడు చీలిక మామూలు దారిలో కాకుండా నోటి నుంచి కంటి దాకా అడ్డదిడ్డంగా పోవచ్చు.

ఇంకొకటి కంటికి కనిపించని రకం. అంగిలి మీద పొర బాగానే ఉంటుంది, లోపలి కండరం మాత్రం కలవదు. కొండనాలుక రెండుగా చీలి ఉండటం దానికొక గుర్తు. అలాంటి బిడ్డ ముక్కుతో మాట్లాడుతుంటే బడిలో వెక్కిరిస్తారు. జబ్బని తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి.

ముఖం మధ్యలో, చెంపమీద, కంటి గుండా, నోటి మూల నుంచి చెవి దాకా పోయే అరుదైన చీలికలన్నిటికీ 1976లో ఒక లెక్క పెట్టింది కూడా ఫ్రెంచి శస్త్రవైద్యుడే, పాల్ టెసియర్. కంటిగూడును కేంద్రంగా పెట్టుకుని, సున్నా నుంచి పద్నాలుగు దాకా చీలికలకు అంకెలు ఇచ్చాడు. కారణం ఏమిటన్న వాదంలోకి దిగకుండా, శస్త్రచికిత్సలో ఎముక ఎక్కడ చీలి ఉందో తన కళ్ళతో చూసి అంకె వేశాడు. ట్యూరిన్‌లో పారే చేసింది కూడా అదేగదా.

లాటిను లేదన్న నేరం

1575లో పారే తన రచనలన్నీ కలిపి ఒక పెద్ద సంపుటంగా తెచ్చాడు. పారిస్ వైద్యపీఠం భగ్గుమంది. తమ అనుమతి లేకుండా అచ్చువేశాడన్నారు. శస్త్రవైద్యుడు జ్వరాల గురించి రాయడమేమిటన్నారు. గర్భం, సంతానం వంటి సంగతులు అందరికీ అర్థమయ్యే ఫ్రెంచిలో రాయడం అసభ్యమన్నారు. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళ్ళింది. పారే తగ్గలేదు. పుస్తకం అమ్ముడుపోయింది, మళ్ళీ మళ్ళీ అచ్చయింది. తమాషా ఏమిటంటే, తర్వాత అదే పుస్తకాన్ని ఇతర దేశాల పండితుల కోసం లాటినులోకి అనువదించారు.

తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ దాటి, ఇంగ్లీషు పాఠాల ముందు బిక్కమొహం వేసిన మనలాంటివాళ్ళకు ఈ ఘట్టం కొంచెం ధైర్యం ఇస్తుంది. భాష రాకపోవడం లోటే, కాదనను. పారే కూడా పూర్వుల గ్రంథాల్ని ఫ్రెంచి అనువాదాల్లో వెతికి వెతికి చదువుకున్నాడు. కాని భాష రానివాడికి బుద్ధి లేదనుకోవడం మాత్రం తప్పు. అది పై అంతస్తువాళ్ళ తప్పు.

వయసు పైబడినా ఆయన పరీక్షించడం మానలేదు. 1582లో, మందుగా అమ్మే మమ్మీల పొడి, యూనికార్న్ కొమ్ము రెండూ పనికిమాలినవని ఒక పుస్తకం రాశాడు. ఆ పొడి, ఆ కొమ్ము రాజుల ఇళ్ళలో బంగారం ధర పలికేవి. తను రాజు కొలువులో ఉండి ఆ మాట రాయడం చిన్న విషయం కాదు.

1590లో పారిస్ నగరాన్ని నాలుగవ హెన్రీ సైన్యం చుట్టుముట్టింది. నెలల తరబడి గింజ లోపలికి రాలేదు. జనం ఆకలితో వీధుల్లో పడి చచ్చిపోతున్నారు. అప్పటికి పారేకు ఎనభై ఏళ్ళు. ఒకనాడు ఒక వంతెన దగ్గర లియోన్ ఆర్చిబిషప్పు ఎదురైతే, ఆయన్ను ఆపి, ఈ జనం ఉసురు మీకు తగులుతుంది, ఎలాగైనా సంధి చేయించండి అని భయపడకుండా అడిగాడట. కొద్ది రోజులకు ముట్టడి తొలగింది. ఆ ఏడు డిసెంబరు 20న పారే చనిపోయాడు.

కట్టు కట్టేవరకే తన పని, నయంచేసేది దేవుడు అన్నది జీవితమంతా ఆయన నమ్మిక. వైద్యుడు అంత వినయంగా ఉంటే చాలు. కారణం తెలియనిచోట కూడా ఆ వినయమే ఉండి ఉంటే, ఆ పదమూడు కారణాల జాబితా కొంచెం చిన్నదయ్యేది.

మిత్రులారా, మనలో చాలామంది పల్లెల నుంచి వచ్చాం. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మన వీధిలో ఎవరింట్లోనైనా పెదవి చీలిన బిడ్డ పుట్టిందని తెలిస్తే, గ్రహణం రోజు ఏం చేశావమ్మా అని అడిగే నలుగురిలో మనమూ ఒకరం కావద్దు. పెదవికి మూడు నాలుగు నెలల వయసు నుంచీ, అంగిలికి సుమారు ఏడాది వయసులో శస్త్రచికిత్స చేస్తారని, ఆ తర్వాత మాట స్పష్టంగా రావడానికి శిక్షణ ఇస్తారని చెబుదాం. అంతవరకూ బిడ్డను కొంచెం నిటారుగా పట్టుకుని పాలు పట్టాలని చెబుదాం. వీలైతే ఆసుపత్రికి తోడుగా వెళదాం. లాటిను రాని ఆ పెద్దమనిషి బతికుంటే ముందు ఆ బిడ్డ పెదవి వైపు చూసి ఉండేవాడు, తల్లి వైపు వేలు చూపించడం తర్వాతి మాట.